ముందల బల్బే కరెంటు తిన్నదన్నారు పిల్లలు: మన సైన్సు పుస్తకం వెనక అసలు ఎవరి ఆలోచన ఉంది?

పానగల్లు టీచర్:

అందరికీ నమస్కారం. నల్లగొండకు దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మొన్నటి డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది, ఇంకా కొత్తే. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

పదో తరగతికి విద్యుత్ ప్రవాహం పాఠం నడుస్తోంది. రెండు బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపితే ఏమవుతుందో పిల్లలతోనే చేయిద్దామనుకున్నాను. టార్చిలైటు బల్బులు నాలుగు ప్రకాశం బజార్లో కొన్నాను, ఆ షాపులో అంతకుమించి లేవు. మిగతా నాలుగు మా ల్యాబ్ బీరువా అడుగున ఒక పాత డబ్బాలో దొరికాయి. పిల్లలు 31 మంది, నాలుగు జట్లు చేశాను. జట్టుకు ఒక కొత్త బల్బు, ఒక పాత బల్బు, రెండు సెల్లులు, వైరు ముక్కలు.

నేను ముందు ఒకటి కలిపి చూపించాను, అందరూ అలాగే కలిపారు. ప్లస్ వైపున్న బల్బు బాగా వెలిగింది. రెండోది ఎర్రగా మిణుకుమంటోంది. "ఎందుకలా?" అని అడిగి ఊరుకున్నాను. చర్చించుకోనిచ్చాను. ఐదు నిమిషాలకు జవాబు వచ్చింది: "ముందల బల్బే కరెంటు తిన్నది మేడం, మిగిలిందే ఎనకదానికి పోయింది."

అందులో ఒక పిల్లాడు, వాళ్ల పొలం కాలువ చివర ఉంటుంది, ఇంకా బాగా చెప్పాడు. "మా కాలువ లెక్కనే మేడం. పైన మళ్లోళ్లు నీళ్లు కట్టుకుంటే మా దాంక వచ్చేది సన్నదారే." క్లాసంతా అవునంటే అవునంది. నిజం చెప్పాలంటే నేనూ మురిసిపోయాను. చూశారు, మాట్లాడుకున్నారు, కారణం ఊహించారు, సొంత బతుకులోంచి పోలిక తెచ్చారు. శిక్షణలో చెప్పినవన్నీ ఒక్క పీరియడ్‌లో జరిగాయి. ఒక్కటే లోపం, జవాబు తప్పు.

అది తప్పని నాకు అక్కడే తెలుసు. కానీ బీఈడీలో మా బుర్రలో ఎక్కించింది ఏంటంటే, పిల్లల ఆలోచనను టీచరు ఖండించకూడదు, జ్ఞానాన్ని వాళ్లే నిర్మించుకోవాలి. తటపటాయిస్తుండగానే బెల్లు కొట్టారు. తర్వాతి రెండు రోజులు సెలవు. శనివారం స్లిప్ టెస్ట్ పెడితే 22 మంది "మొదటి బల్బు కరెంటును వాడుకొనును" అని రాశారు. ఒకమ్మాయి కింద గీత గీసి మరీ "మేము చేసి చూశాము" అని రాసింది. ఆ పేపరు దిద్దడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆ వారమే బడి చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన నోట్సులు తిరగేసి "ప్రయోగాలు సరేనమ్మా, ప్రశ్న జవాబులేవి?" అన్నారు.

డీఎస్సీకి విద్యావేత్తల మీద బిట్లు బట్టీ పట్టాను. డ్యూయీ అంటే చేస్తూ నేర్చుకోవడం, పియాజె అంటే పిల్లల ఆలోచన ఎదిగే దశలు, బ్రూనర్ అంటే అన్వేషణ, వైగాట్‌స్కీ అంటే జెడ్‌పీడీ, అంటే పెద్దలు కాస్త చెయ్యందిస్తే పిల్లలు అందుకోగలిగేది. అన్నిటికీ మార్కులు వచ్చాయి. ఇప్పుడు తరగతిలో నిలబడితే ఒక్కరూ అక్కరకు రావడం లేదు. మన పుస్తకం వీళ్లలో ఎవరిని నమ్ముకుని రాశారు? పుస్తకం ఒకటి చెప్పి, పరీక్ష ఇంకోటి అడిగి, పై నుంచి వచ్చేవాళ్లు మరొకటి చూస్తే, నేను దేన్ని పట్టుకోవాలి? సీనియర్లు ఎవరైనా చెప్పగలరా?

•

మెట్టుగడ్డ ట్యూషన్:

మేడం, తప్పుగా అనుకోకండి. మహబూబ్‌నగర్‌లో పన్నెండేళ్లుగా పదో తరగతికి సైన్సు, లెక్కలు ట్యూషన్ చెబుతున్నా. నేను చెప్పేది మీ ట్రైనింగుల్లో చెప్పరు.

మీ పుస్తకంలో "ఆలోచించండి – చర్చించండి" అని డబ్బాలుంటాయి కదా, మా ట్యూషన్ నడిచేదే వాటి మీద. పుస్తకంలో ప్రశ్న ఉంటుంది, జవాబు ఉండదు. పిల్లలే వెతుక్కోవాలని ఉద్దేశం, మంచిదే. బ్యాంకు ఉద్యోగి కూతురైతే ఇంట్లో నాన్నను అడుగుతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల తల్లిదండ్రులు పుణేలోనో ముంబైలోనో సెంట్రింగ్ పనిలో ఉంటారు, ఇంట్లో ఉండేది నాయనమ్మ. ఆ పిల్ల ఎవరితో చర్చించాలి? గైడు కొంటుంది, లేదంటే నా దగ్గరికి వస్తుంది. జవాబు దాచిన పుస్తకం వల్ల ఎవరికి లాభమో మీరే చూడండి. పాత పుస్తకం ఎంత చప్పగా ఉన్నా, అందులో జవాబు ఉండేది. పేదపిల్ల ఒక్కతే కూర్చుని చదువుకోగలిగేది.

ఇంకోటి. బాసర ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి ఫలితం మీదే వస్తుంది. ప్రభుత్వ బడి పిల్లలకు జీపీఏ మీద 0.4 కలిపేవాళ్లు, అది కలిసినా పోటీ పోటీయే. కోయిలకొండ నుంచి వచ్చిన ఒక పిల్లకు ఆ సీటు వచ్చిందంటే ఇల్లు మారిపోతుంది. ఆ పిల్లకు ముందు సిలబస్ అయిపోవాలి. పియాజె సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బల్బు సంగతి అంటారా? "శ్రేణి సంధానంలో విద్యుత్ ప్రవాహం అంతటా సమానం" అని నాలుగుసార్లు రాయించండి. అయిపోతుంది.

•

దేవరకొండ రిటైర్డ్ సార్:

అమ్మా, మీ ప్రశ్న చదివి రాత్రి నిద్రపట్టలేదు. 1984లో ఉద్యోగంలో చేరి 2017లో రిటైరయ్యాను, అన్నేళ్లూ ఫిజికల్ సైన్సే. ముందు బల్బుల సంగతి చూద్దాం, తత్వం దాని వెనకే వస్తుంది.

మీ పిల్లలు తప్పు చూడలేదు, ఉన్నదే చూశారు. తప్పు బల్బులది. బజార్లో కొన్నది ఒక రేటింగు, బీరువాలోది ఇంకో రేటింగు. బల్బు మూతి దగ్గర లోహం మీద సన్నగా చెక్కి ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని చూడండి, ఒకదాని మీద 2.5, ఇంకోదాని మీద 3.8 లాంటి వోల్టులు కనిపించొచ్చు. శ్రేణిలో కలిపినప్పుడు రెండింట్లోనూ పారేది ఒకటే కరెంటు. నిరోధం ఎక్కువున్న బల్బు ఎక్కువ వెలుగుతుంది. అది ముందున్నా అంతే, వెనకున్నా అంతే. మీరు చూపించినప్పుడు ఎక్కువ వెలిగేది ముందు పడింది, అందరూ మిమ్మల్నే చూసి కలిపారు. దాంతో నాలుగు జట్లకూ ఒకే అబద్ధం కనిపించింది.

రేపు వెళ్లి ఒక్క మాట అడగండి: "రెండు బల్బుల చోట్లు మార్చితే ఏమవుతుంది?" మార్చకముందే చేతులెత్తించండి. కరెంటు తినేది ముందు బల్బే అయితే, ఇప్పుడు ముందుకొచ్చిన పాత బల్బు బాగా వెలగాలి. వెలగదు. మసకదనం బల్బు వెంటే పోతుంది, చోటు వెంట పోదు. సెల్లుల్ని తిప్పి పెట్టినా అంతే. ఆ కాలువ పిల్లాడి మొహం చూడండి అప్పుడు.

ఇప్పుడు తత్వం. మీ పుస్తకం ఎవరో ఒక్కరి ఆలోచన కాదమ్మా. పాత ఇంటికి తరానికో అర్ర కట్టుకుంటూ పోయినట్టు ఉంటుంది, గోడలు ఒకదానికొకటి సూటిగా ఉండవు.

అందులో బాగా పాతది, నా లెక్కన, నియమాలూ సూత్రాలూ లెక్కలూ ఉండే అర్ర. 1957లో రష్యా స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పైకి పంపాక అమెరికాకు గుబులు పట్టుకుంది. వాళ్ల బడుల్లో ఫిజిక్సు చప్పగా ఉందని, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే కూర్చుని హైస్కూలు పాఠాలు తిరగరాశారు. బ్రూనర్ 1960లో రాసిన పుస్తకం ఆ వేడిలోంచి వచ్చిందే. ఒక శాస్త్రానికి లోపల ఒక కట్టడం ఉంటుంది, దాన్ని పిల్లల వయసుకు తగ్గట్టు మళ్లీ మళ్లీ, ప్రతిసారీ ఇంకొంచెం లోతుగా చూపించాలన్నాడు. మన దగ్గర ఎనిమిదిలో సమతల దర్పణం, పదిలో వక్ర దర్పణాలు చెబుతాం చూడండి, అది ఆ చుట్టే. 1961లో దేశం మొత్తానికి బడి పుస్తకాలు చూసే ఎన్సీఈఆర్టీ పుట్టింది, ఆ గాలి ఇక్కడికీ వచ్చింది. దాని మనసులో ఉన్న పిల్లాడు రేపటి శాస్త్రవేత్త.

తర్వాత 1964–66లో కొఠారి కమిషన్ కూర్చుంది. పదో తరగతి దాకా సైన్సు, లెక్కలు అందరూ చదవాలంది. మంచి మాటే. కానీ చూడండి, రాకెట్లు చేసేవాడి కోసం అనుకున్న పుస్తకాన్ని ఇప్పుడు మేకల కాడికి పోయే పిల్లకూ ఇచ్చాం. ఆ ముడి ఇప్పటిదాకా విప్పలేదు. నన్నడిగితే మీ అయోమయమంతా అక్కడి నుంచే మొదలైంది, పియాజె దగ్గర కాదు.

గాంధీగారు 1937లో వార్ధాలో ఇంకో దారి చెప్పారు. చేతిపని నడుమ పెట్టి దాని చుట్టూ చదువు అల్లమన్నారు. రాట్నం తిప్పేటప్పుడే లెక్కా సైన్సూ రావాలి. అది మన హైస్కూళ్లలోకి రానేలేదు. వచ్చిందల్లా వారానికో క్రాఫ్టు పీరియడు, ఆ పీరియడులో మేం లెక్కలు చెప్పుకునేవాళ్లం.

1976లో రాజ్యాంగ సవరణతో 51ఏ అధికరణ చేరింది, శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని. పిల్లలకు ఏమేం రావాలో చెప్పే మీ విద్యా ప్రమాణాల్లో విలువలు, ప్రశ్నించడం వంటివి కనిపిస్తాయే, వాటి వేళ్లు కొన్ని అక్కడున్నాయి.

ఇక ఇప్పటి పుస్తకం. యశ్‌పాల్ కమిటీ 1993లో భారం లేని చదువు గురించి చెప్పింది. ఆయన ఆధ్వర్యంలోనే 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. పిల్లలు ఖాళీ కుండలు కాదు, జ్ఞానాన్ని తామే కట్టుకుంటారు అన్న మాట దాని గుండెకాయ. దాన్ని పట్టుకుని 2011లో మన ఉమ్మడి రాష్ట్రం సొంత చట్రం రాసుకుంది, ఏడు విద్యా ప్రమాణాలు వచ్చాయి, 2014లో కొత్త పదో తరగతి పుస్తకం. రాష్ట్రం విడిపోయింది అదే ఏడు.

ఆ పుస్తకం నాకిష్టం. ట్యూషన్ సార్ మాటలో నిజం ఉన్నా సరే, ఇష్టం. అయితే మనం పుస్తకం మార్చాం గానీ చుట్టూ ఉన్నవి మార్చలేదు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ కథ వినే ఉంటారు. 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 పల్లె బడుల్లో మొదలుపెట్టాయి. తర్వాత 1982లో ఏకలవ్య వచ్చి దాన్ని నడిపింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు పాఠం అంటే ప్రయోగమే. కానీ వాళ్లు పుస్తకంతో ఆగలేదు. బడికి కిట్టు ఇచ్చారు, టీచర్లు నెలకోసారి కూర్చుని ఈ వారం మా క్లాసులో ఇది ఎదురుతన్నిందని చెప్పుకునే ఏర్పాటు చేశారు. అన్నిటికంటే ముఖ్యం, పరీక్షలో పుస్తకం తెరిచి రాయనిచ్చారు, చేతులతో చేసి చూపే పరీక్ష విడిగా పెట్టారు. అన్నీ ఒకదానికొకటి కట్టి ఉన్నాయి. ముప్పై ఏళ్లు నడిచాక 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది. చుట్టుపక్కల బడుల టీచర్లు కూర్చునే మన కాంప్లెక్స్ మీటింగు కూడా పేరుకు అలాంటిదే. ఎన్ని మీటింగుల్లో బల్బు గురించి మాట్లాడారో మీకే తెలుసు, నాకు గుర్తున్నవన్నీ ఫార్మాట్లు నింపడమే.

ఇక నేను రాయాలనుకున్న అసలు సంగతి.

1990ల్లో నేను మర్రిగూడ మండలంలో పనిచేశాను. ఫ్లోరైడ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మొదట్లో నేనూ ట్యూషన్ సార్ పద్ధతే. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ 1.5 పీపీఎం, అంటే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, దాటకూడదని, ఆ ఫ్లోరైడ్‌ను తీసే నల్లగొండ టెక్నిక్ అంటే సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ అని నాలుగుసార్లు రాయించేవాణ్ణి. అందరికీ రెండు మార్కులు వచ్చేవి. రాసిన పిల్లలే బయటికి పోయి బడి పక్క బోరింగు కొట్టుకుని తాగేవాళ్లు. నేనూ తాగేవాణ్ణి.

ఒక ఏడు బుద్ధి మారింది. పిల్లలే కనిపెట్టాలన్న మాట అప్పుడే చదివాను, కొత్త మతం పుచ్చుకున్నవాడి ఊపులో ఉన్నాను. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఇంటి నీళ్లు సీసాల్లో తెమ్మన్నాను. టేబుల్ మీద ఇరవై పైచిలుకు సీసాలు. "ఏవి మంచి నీళ్లో మీరే తేల్చండి" అన్నాను. వాళ్లు పద్ధతిగానే చేశారు. ఎండకెత్తి చూశారు, వాసన చూశారు, నాలుక మీద వేసుకున్నారు. ఏ నీళ్లలో పప్పు ఉడుకుతుందో, ఏ నీళ్లలో సబ్బు నురగొస్తుందో ఇంట్లో అడిగొచ్చారు. తేల్చింది ఏంటంటే, అద్దంలా ఉన్న బోరు నీళ్లు బంగారం, మట్టిరంగు కుంట నీళ్లు చెడ్డవి.

ఒక మిత్రుడు నీళ్ల పరీక్ష ల్యాబులో ఉండేవాడు, రంగు మందు సీసా ఇచ్చాడు. ఫ్లోరైడ్ తక్కువుంటే ఎరుపు నిలుస్తుంది, పెరిగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. పిల్లలు మొదటి బహుమతి ఇచ్చిన సీసాలోంచి కొంచెం తీసి రెండు చుక్కలు వేశాను. పసుపు. కుంట నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. తరగతిలో చప్పుడు లేదు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "అయితే మా తాత ఈ నీళ్లకేనా సార్ వంగిపోయింది?" అంది.

లెసన్ ప్లాన్‌లో దానికి జవాబు లేదు.

అమ్మా, ఆ రోజు నాకు తెలిసింది ఇది. చేసి చూస్తే నిజం దానంతటదే కనిపిస్తుందని మన కొత్త పద్ధతుల అడుగున ఒక నమ్మకం ఉంది. మన జిల్లాలో అది నిలబడదు. ఇక్కడ మనిషి నడుము వంచింది కంటికి కనపడనిది, రుచికి తెలియనిది. గ్రానైట్ రాళ్లలోంచి నీళ్లలోకి దిగుతుంది, నీళ్లు మాత్రం తేటగా ఉంటాయి. ఊళ్లకు ఊళ్లు కళ్లతో చూసి, నాలుకతో చూసి, అనుభవంతో తేల్చుకునే తాగాయి. ఎవరో ఒకరు బయటి నుంచి రంగు మందు తేవాలి, చెప్పాలి. చెప్పడం పాపం కాదు.

కానీ చెప్పి ఊరుకుంటే 1.5 పీపీఎం కథే. ఆ రోజే ఒక పిల్లాడు అన్నాడు, "కాచి తాగితే పోతది గద సార్." పోదని చెప్పాను, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుందని చెప్పాను. వాడి మొహంలో నమ్మకం లేదు. డాక్టరు కాచి తాగమన్నాడట. సరే, నేను చెప్పేది అబద్ధమో నిజమో నువ్వే చూడు అని, ఆయమ్మ దగ్గర గిన్నె అడుక్కొచ్చి, బోరు నీళ్లు సగమయ్యేదాకా కాచాం. చల్లార్చి చుక్కలు వేశాం. ముందుకంటే పసుపు. డాక్టరు మాట క్రిములకు సరైందే, దీనికి కాదు అని ఆ పిల్లాడే పక్కవాడికి చెప్పడం విన్నాను.

తర్వాతి వారం బకెట్టులో సున్నం, పటిక వేసి పది నిమిషాలు కర్రతో నెమ్మదిగా తిప్పాం. దూదిలా తెట్టె కట్టి, గంటకు అడుక్కి దిగింది. పైనీళ్లు వడగట్టి పరీక్షిస్తే రంగు ఎరుపు వైపుకు వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. ఇళ్లల్లో ఎవరూ చేయలేదు. రోజూ ఎవరు తిప్పుతారు, పటికకు డబ్బులెవరిస్తారు, పైగా నీళ్లు ఒక రకమైన రుచి వస్తున్నాయన్నారు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లొస్తున్నాయి, అది వేరే సంగతి. పేరులోనే మన ఊరున్న పద్ధతి మన ఊళ్లలో ఎందుకు నిలవలేదు అన్నది కూడా సైన్సు పాఠమే అయి ఉండాల్సింది. నేను చెప్పలేదు. సిలబస్ మిగిలిపోయింది.

కాబట్టి దేన్ని పట్టుకోవాలని అడిగారు కదా, నేనైతే పేర్లు వదిలేస్తాను. పిల్లలు ఒక జవాబు దగ్గర ఆగిపోయినప్పుడు, ఆ జవాబు నిలుస్తుందో పడుతుందో తేల్చే తర్వాతి ప్రశ్న టీచరు దగ్గర ఉండాలి. మీ క్లాసులో లేనిది అదొక్కటే. వైగాట్‌స్కీ బిట్టు మీరు బట్టీ పట్టింది దీని గురించే, ఆ బిట్టులో బల్బు లేదు అంతే.

ట్యూషన్ సార్‌కు ఒక మాట. జవాబు దాచిన పుస్తకం పేదపిల్లకు బరువవుతుందన్నారు, అది ఒప్పుకుంటాను. ముప్పై మూడేళ్లలో నాకు తట్టలేదు. కానీ నాలుగుసార్లు రాయించడం నేను చేసి చూశాను సార్.

•

మెట్టుగడ్డ ట్యూషన్:

సార్, మీకు దండం. రాయించడం గురించి నేను వెనక్కి తగ్గను, పరీక్ష మారేదాకా పిల్లల్ని పణంగా పెట్టలేను. కానీ ఆ బల్బులు చోట్లు మార్చే సంగతి ఈ ఆదివారం బ్యాచ్‌కు చూపిస్తా. రెండు నిమిషాల పనే కదా.

•

అచ్చంపేట బిడ్డ:

అక్కా, నేను టీచర్ని కాదు. హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. అచ్చంపేట దిక్కు తెలుగు మీడియంలో చదివాను. చదివేవాళ్ల వైపు నుంచి ఒకటి చెబుదామని.

ఏడో తరగతిలో మమ్మల్ని మహబూబ్‌నగర్ దగ్గరున్న పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రికి తీసుకుపోయారు. బయాలజీ మేడం ఒకటే పని ఇచ్చింది, అసలు మొదలు ఏదో పట్టుకోండి అని. మూడెకరాలు తిరిగాం. ఊడలన్నీ మొదళ్లలాగే ఉన్నాయి. లావు కొలిచాం, చేతులు పట్టుకుని చుట్టూ నిలబడ్డాం, కొట్లాడుకున్నాం. ఎవరం తేల్చలేకపోయాం. మేడం కూడా చెప్పలేదు. తనకూ తెలియదంది. టీచర్ "నాకు తెలియదు" అనడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. 2018లో ఆ చెట్టుకు చెదలు పట్టి, సెలైన్ పెట్టినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారని పేపర్లో ఫొటో వస్తే, ముందు ఆమెనే గుర్తొచ్చింది.

ఇంకోటి భాష. మా తమ్ముడి కొడుకు ఇప్పుడు ఇంగ్లీష్ మీడియం, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటుంది. వాడు ఇంగ్లీషు పేజీ బట్టీ పడతాడు, తెలుగు పేజీ చూడనే చూడడు. మీ పిల్లాడు కాలువ పోలిక చెప్పాడే, అది వాడి మాటలో అడిగారు కాబట్టి వచ్చింది. ఇంగ్లీషులో చెప్పమని ఉంటే నోరు తెరిచేవాడా? తప్పు జవాబైనా బయటికి వచ్చింది కాబట్టే కదా సార్ దాన్ని సరిచేయగలిగింది.

•

పానగల్లు టీచర్:

సార్, ఈ రోజు చేశాను. పూర్తిగా రాస్తాను.

ముందు బల్బుల మూతులు చూశాను. మీరన్నట్టే, కొత్తవాటి మీద 3.8, పాతవాటి మీద 2.5. ఫోన్ కెమెరాతో పెద్దది చేస్తే గానీ కనపడలేదు. ఇన్ని రోజులు చేతిలో పట్టుకుని తిరిగాను.

చోట్లు మార్చితే ఏమవుతుందని అడిగాను. 31 మందిలో 27 మంది ముందుకొచ్చిందే బాగా వెలుగుతుందని చేతులెత్తారు. కాలువ పిల్లాడు అందరికంటే ముందు ఎత్తాడు. మార్చారు. కొత్త బల్బు వెనక్కి పోయి కూడా బాగానే వెలిగింది, పాతది ముందు కూర్చుని మిణుకుమంది. ఒక జట్టు వైరు వదులుగా ఉందేమోనని మూడుసార్లు బిగించింది. సెల్లులు తిప్పి పెట్టారు. మా పక్క క్లాసు సోషల్ సార్ ఏం గోల అని తొంగిచూశారు.

తర్వాత నేను చెప్పాను. సూటిగానే చెప్పాను, మీ ధైర్యంతో. కరెంటు కాలువ నీళ్లలా మధ్యలో ఖర్చయ్యేది కాదు, ఎంత పోయిందో అంతే తిరిగి వస్తుందని. కరెంటు కొలిచే అమ్మీటర్ ఒక్కటే పనిచేస్తోంది, దాన్ని బల్బులకు ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి పెట్టి చదివించాను. ముల్లు మూడు చోట్లా ఒకే గీత మీద నిలబడింది. జట్టుకొకరు వచ్చి చూశారు. "మేము చేసి చూశాము" అని రాసిన అమ్మాయి రెండుసార్లు వచ్చింది. ఆ పేపరులో సున్నా వేయలేదు, మార్కు ఖాళీగా వదిలేశాను, మళ్లీ రాయమన్నాను. మెట్టుగడ్డ సార్ కోసం చెబుతున్నా, చివర్లో ఆ వాక్యం బోర్డు మీద రాసి నోట్సులో దింపించాను కూడా. ఒక్కసారే.

బెల్లు కొట్టేముందు కాలువ పిల్లాడు లేచాడు. "కరెంటు యాడ ఖర్చు కాకపోతే, మరి సెల్లు ఎందుకు అయిపోతది మేడం? దాంట్లకెల్లి పోయేది ఏంది?"

సోమవారం చెబుతానన్నాను. వీలైతే ఇంట్లో అయిపోయిన సెల్లులు తెమ్మన్నాను, అవి ఏం చేయాలో నాకింకా తెలియదు. సిలబస్ ఆరు పీరియడ్లు వెనకబడి ఉంది, సాయంత్రం ప్రత్యేక తరగతుల్లో లాగాలి.

సార్, మీ దగ్గర ఆ రంగు మందు కిట్టు ఏమైనా మిగిలిందా? మా ఊళ్లో ఇంకా రెండు బోరింగులు నడుస్తున్నాయి. నల్లా రాని రోజు పిల్లలు వాటి దగ్గరే తాగుతారు.

•

దేవరకొండ రిటైర్డ్ సార్:

మందు ఎప్పుడో పాడైపోయింది అమ్మా, సీసా మాత్రం ఉంది. నల్లగొండలో తాగునీటి ల్యాబు ఉంటుంది. బడి లెటర్‌ప్యాడ్ మీద అడగండి, పిల్లల్ని తీసుకొస్తామని కూడా రాయండి. ఇద్దరు ముగ్గుర్ని నేరుగా తీసుకుపోతే ఇంకా తొందరగా పని అవుతుంది, నేను అలాగే చేసేవాణ్ణి.

సెల్లు ప్రశ్నకు ఒక పాత సెల్లు కోసి చూపించాలని మీకు అనిపిస్తుంది. మామూలు జింకు సెల్లయితే పర్వాలేదు, బయటి జింకు డబ్బా పల్చబడి చిల్లులు పడటం కనిపిస్తుంది, పాఠం అక్కడే ఉంది. కానీ మీరే ముందు ఇంట్లో చేతులకు గ్లౌజులు వేసుకుని కోసి చూడండి. ఆల్కలైన్ అని రాసున్నవి, ఫోన్ బ్యాటరీలు మాత్రం ముట్టుకోవద్దు, పిల్లల చేతికి అసలే ఇవ్వొద్దు.